అక్క అలిగింది

వీధి దీపాలు వెలిగే వేళకు ఆ సందు చివరి షెడ్డులో ఒక ఇంజను గొంతు సవరించుకునేది. ముందు దగ్గు, ఆ తర్వాత గురక, ఆ తర్వాత ఏదో చెప్పబోయి మాట మింగేసినట్టు ఒక తడబాటు. కాసేపటికి ఆగిపోయేది. పక్కింటి టైపు మాస్టారు అంతవరకూ మూసి పెట్టుకున్న కిటికీ తెరిచి, "అయింది ఇవాళ్టి కచేరీ" అని భార్యకు చెప్పేవాడు. ఏడాది పైగా ఇదే వరస.

ఆ షెడ్డు పానా బాబాయిది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. నలుగురూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన చిన్న పానా పెట్టుకుంటాడు, అందుకని ఆ పేరు. అసలు పేరు పింఛనిచ్చే ఆఫీసులో ఉంటుంది కాబోలు, సందులో మాత్రం ఎవరికీ తెలియదు. నెమ్మదస్తుడు. నలుగురిలో కూర్చుంటే నవ్వాల్సిన చోట కొంచెం ఆలస్యంగా నవ్వుతాడు. ఏదైనా చెబితే ఒక్కోసారి అటు తిరిగి వెళ్లిపోతాడు. ఎవరి మాటైనా పెడచెవిన పెడతాడని, కాస్త గర్వమని అనుకునేవాళ్లూ ఉన్నారు.

షెడ్డులో ఉన్నది ఇంగ్లండులో పుట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నడుము ఎత్తు దాటదు. ముందు భాగం పొడుగు, వెనక భాగం పొట్టి. పైకప్పు లేదు, సైకిలు చక్రాల్లాగా చువ్వల చక్రాలు. అందులో కూర్చుని చెయ్యి కిందికి వేలాడేస్తే వేళ్లకు రోడ్డు తగులుతుందేమో అనిపిస్తుంది. ఒకప్పుడు ఊళ్లో ఒక డాక్టరమ్మ నడిపేదట. ఆవిడ పోయాక ఆస్పత్రి వెనక పడి ఉండి కోళ్లకు ఇల్లయింది. ఆ స్థలం ఖాళీ చేయించేటప్పుడు "ఈ ఇనుము ఎవరు మోసుకుపోతారయ్యా" అని ఆస్పత్రి వాళ్లంటే, పక్కనే రోడ్డు మీద ఆగిపోయిన బస్సు బ్రేకులు చూస్తున్న బాబాయి లేచి నిలబడి "నేను" అన్నాడు. అంత గట్టిగా ఆయన అంతకు ముందెప్పుడూ మాట్లాడి ఎరగడు.

తాడు కట్టి లాక్కొచ్చిన రోజున భార్య గుమ్మంలో నిలబడి చూసింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది ఆవిడ. మెళ్లో టేపు అలాగే వేలాడుతోంది. బానెట్ మీద ఇంకా ఒక కోడి కూర్చునే ఉంది.

"ఇదెవరండీ?"

"కారు."

"అది తెలుస్తోందిలెండి. ఈ వయసులో నాకు సవతిని తెచ్చారు, అదీ పిల్లా పీచుతో సహా" అని కోడిని తోలింది.

అప్పట్నుంచి సవతి అనే పిలిచేది. మాటకే సవతి గానీ, డిపో నుంచి బాబాయి వచ్చేసరికి తుప్పు గీకే కాగితం చేతపట్టుకుని షెడ్డులో ఉండేది. లారీల్లో డ్రైవరు పక్క సీటుని క్లీనరు సైడంటారు కదా, ఈ బండిలో ఎడమ పక్క సీటు క్లీనరు సైడయింది, ఆవిడ క్లీనరయింది. "క్లీనరూ, లైటు పట్టుకో" అంటే "వస్తున్నా డ్రైవరు గారూ" అనేది.

బాబాయికి ఒకటే పట్టు. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే తయారవ్వాలి. పుట్టింది పుట్టినట్టు ఉండాలి, అదీ ఆయన మాట. ఎవరో తగిలించిన బస్సు హారను పీకేశాడు. ఎవరో వేసిన ప్లాస్టిక్ సీటు కవర్లు కాల్చేశాడు. ఒంటి మీద తెల్ల రంగు, దాని కింద ఎర్ర రంగు, దాని కింద మట్టి రంగు. ఏది మొదటిదో తేలక వారాల తరబడి తిండి సహించలేదు. చివరికి డాష్‌బోర్డు విప్పితే, దాని వెనక ఎండా వానా చూడని మూల, అరచేతి మేర, ముదురాకుపచ్చ బయటపడింది.

"దీని అసలు రంగు బయటపడిందోయ్!" అని కేకేశాడు.

"మీ అసలు రంగు పెళ్లయిన వారానికే బయటపడింది. దీనిది ఇన్నాళ్లు పట్టింది, గడుసుది" అంది ఆవిడ.

ఒకసారి మాత్రం చిన్న కోరిక కోరింది. క్లీనరు సైడున తలుపుకి చేతిసంచి పెట్టుకునేందుకు చిన్న అర కుట్టిస్తాను అంది. ఒరిజినల్‌లో లేదన్నాడు బాబాయి. ఆవిడ సూదికి దారం ఎక్కిస్తూ, "ఒరిజినల్‌లో నేను మాత్రం ఉన్నానా ఏంటి?" అంది. అర కుట్టలేదు. సీట్ల తోలు మాత్రం ఆవిడే కుట్టింది, పాత తోలుకున్న కుట్ల కన్నాల్ని గుడ్డ మీద గుర్తు పెట్టుకుని, ఏ కుట్టు ఎక్కడుండాలో చూసుకుని మరీ.

సాయంత్రం పనైపోయాక ఇద్దరూ ఆ సీట్లలోనే కూర్చుని టీ తాగేవాళ్లు. బండి కదలదు, ఎదురుగా షెడ్డు గోడ. ఇంట్లో గలగలా మాట్లాడే మనిషి, బండిలో కూర్చుంటే నోరు మెదిపేది కాదు. సవతి అంటుంది గానీ లోపల ఎంత గౌరవమో అని బాబాయి మురిసిపోయేవాడు. గోడకేసి చూస్తూ మధ్యమధ్యలో తలాడించేవాడు.

ఇక ఆ బండి ఊపిరి సంగతి. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పంపేది కార్బురేటరు. ఈ బండికి అవి రెండు, ఒకదాని పక్కన ఒకటి. రెండూ ఒక్కలాగే ఊపిరి పీల్చాలి. ఒకటి ఎక్కువ పీల్చి రెండోది తక్కువ పీల్చిందా, ఇంజను తడబడుతుంది. దాన్ని కొలిచేందుకు బాబాయి వాడేది మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొన కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, రెండో కొన చెవికి ఆనిస్తే బుస్సుమని వినపడుతుంది. రెండు బుస్సులూ ఒకటయ్యేదాకా స్క్రూ తిప్పాలి. వినేది ఆవిడ, తిప్పేది ఆయన. బట్ట మీద సూది ఎక్కడ తడబడిందో మిషను చప్పుడుని బట్టి కనిపెట్టే చెవి ఆవిడది.

వాటికి పేర్లు కూడా పెట్టింది. ముందున్నది అక్క, వెనకున్నది చెల్లి.

"అక్క అలిగిందండీ, కొంచెం బుజ్జగించండి." స్క్రూ ఒక పిసరు లోపలికి.

"ఇప్పుడు చెల్లి మూతి ముడిచింది." రెండో స్క్రూ.

"ఆఁ, ఇప్పుడు కలిశారు. ఒకే కంచంలో తింటున్నారు."

ఆవిడకు సొంత అక్క కూడా ఒకావిడ ఉంది. బాబాయికి వదిన. టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు. ఊరికి అవతలి వైపు ఉంటుంది. చెల్లెలికి జబ్బు చేసి మంచాన పడ్డప్పుడు రోజూ మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేది. తర్వాత ఎందుకో రావడం మానేసింది. ఎండలకు ఓపిక లేదేమో అనుకున్నాడు బాబాయి. ఆ రోజుల్లో ఆయన ఏదీ గట్టిగా అనుకునే స్థితిలో లేడు.

ఆస్పత్రిలో చేర్చాక, ఒక సాయంత్రం ఆవిడ కళ్లు తెరిచింది. బాబాయి మంచానికి కుడిచెవి ఆనించేంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ... అక్క అలిగింది. వెళ్లి చూడండి. నేనడిగానని చెప్పండి."

బాబాయి కళ్లు నిండిపోయాయి. ఇంత నొప్పిలోనూ ఈ మనిషికి బండి ధ్యాసే కదా అనుకున్నాడు. "చూస్తాలే. నువ్వు పడుకో" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా షెడ్డు తలుపు తీసి, బానెట్ ఎత్తాడు. సందులో ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసుకుని, ముందు కార్బురేటరు మీదికి వంగి, "అక్కా, మీ చెల్లెలు అడిగానని చెప్పమంది" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడి, చటుక్కున బానెట్ దించేశాడు.

ఆ వారం దాటకుండానే ఆవిడ వెళ్లిపోయింది. ఆఖరి చూపుకు వచ్చిన వదిన గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోయింది.

తర్వాత బండి తప్ప బాబాయికి లోకం లేకుండా పోయింది. బతికుండగా అన్న ఆఖరి మాట అది, చేసి తీరాలి. మిగతా పనులన్నీ ఒకటొకటిగా పూర్తయ్యాయి. ముదురాకుపచ్చ రంగు పడింది, చువ్వలకు మెరుగొచ్చింది, గడియారమంత మీటర్లు రెండూ వాటి చోట వెలిగాయి. ఎవరైనా తొంగి చూస్తే నిన్న ఫ్యాక్టరీ నుంచి దిగిందనుకుంటారు. గొంతు మాత్రం రాలేదు. అక్క అలక తీరలేదు.

దాన్ని విప్పి పెట్రోలుతో కడిగాడు. సూది మార్చాడు. దాని కింద పెట్రోలు వచ్చే జెట్టు మార్చాడు. గాలి దొంగతనంగా ఎక్కడైనా దూరుతోందేమోనని కీళ్లన్నీ సబ్బునీళ్లతో తడిపి చూశాడు. మళ్లీ బిగించి, ఇంజను స్టార్టు చేసి, గొట్టం అందుకునేవాడు. ఇప్పుడు వినేదీ తనే, తిప్పేదీ తనే. బండి పక్కన నిలబడితే అక్క ఎడమ చేతి వైపు పడుతుంది, చెల్లి కుడి చేతి వైపు. చేతికి ఎలా వస్తే అలా, అక్కని ఎడమ చెవితో, చెల్లిని కుడి చెవితో వినేవాడు. ఎప్పుడు విన్నా అక్క గొంతు తక్కువే. స్క్రూ ఇంకొంచెం లోపలికి. మర్నాడు ఇంకొంచెం. ఎంత బుజ్జగించినా ఇంజను తడబాటు పెరుగుతోందే గానీ తగ్గలేదు.

ఇంట్లో వంట అయిందనిపించి, పొయ్యి దగ్గరే నిలబడి తినేసేవాడు. కుట్టుమిషను మీద గుడ్డ అలాగే కప్పి ఉంది, దాని అడుగున ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. ఆవిడ పోయాక కూడా కొన్నాళ్లు ఎవరో ఒకరు బట్ట చేతపట్టుకుని వచ్చి, గుమ్మం దాకా వచ్చాక గుర్తొచ్చి, "ఏం లేదు బాబాయ్, ఊరికే" అని వెళ్లిపోయేవాళ్లు. రాను రాను ఆ ఊరికే రావడాలూ ఆగిపోయాయి. టీ మాత్రం బండిలోనే తాగేవాడు. డ్రైవరు సీట్లో తను, క్లీనరు సీట్లో చుట్ట చుట్టిన రబ్బరు గొట్టం.

అలా ఉండగా ఒక రోజు డిపో ఎలక్ట్రీషియను వచ్చాడు. బాబాయి కంటే చిన్నవాడు, నోరు ఊరుకోదు. బండి వెనక లైటుకు ఎక్కడా దొరకని పాతరకం బల్బొకటి సంపాదించి తెచ్చాడు.

"గురూ! తలుపు ఎంతసేపు బాదాలి? చెవుల్లో గ్రీజు పూసుకున్నావా?"

"వినపడలా. రా, కూర్చో."

"ఎక్కడ కూర్చోను, ఇది చూస్తే ఒళ్లు తగిలినా మాసిపోయేలా ఉంది." బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "అబ్బ, పెళ్లికూతుర్ని చేశావు గురూ. ఇంకేం, బయటికి తియ్యి. ఊళ్లో ఒక చుట్టు చుట్టొద్దాం."

"అప్పుడే కాదు. అక్క అలిగింది."

"ఏ అక్క?"

"ముందు కార్బురేటరు."

ఎలక్ట్రీషియను పగలబడి నవ్వాడు. "ఓహో, అదా! మీ వదినగారి సంగతేమో అనుకున్నాను. మొన్న బ్యాంకులో కనిపించింది. బండి తయారైందమ్మా, వెళ్లి చూసి రండి అన్నాను. 'నాకు అందులో చోటు లేదు నాయనా' అని మొహం తిప్పుకుంది. ఆవిడా అలిగినట్టే ఉంది గురూ. ముందు ఆ అక్కకు ఏ స్క్రూ తిప్పాలో చూసుకో."

టీ తాగి, ఇంకో రెండు జోకులు వేసి అతను వెళ్లిపోయాడు. బాబాయి బల్బు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అక్క అలిగింది, వెళ్లి చూడండి. నేనడిగానని చెప్పండి. ఆవిడ కార్బురేటరు గురించి చెప్పినప్పుడల్లా బుజ్జగించండి అనేది, తిప్పండి అనేది. వెళ్లి చూడండి అని ఎప్పుడైనా అందా? నేనడిగానని చెప్పండి అంటూ ఇనప ముక్కకి ఎవరైనా కబురు పంపిస్తారా?

బల్బు పగలకుండా కింద పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. పానా జేబులోనే ఉంది, తీయడం మర్చిపోయాడు.

వదిన ఉండేది రెండో అంతస్తులో. గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచి చూసింది. సన్నగా, నిటారుగా ఉంటుంది. మాట టెలిఫోనులోంచి వచ్చినట్టు ఇప్పటికీ స్పష్టంగా ఉంటుంది.

"ఏం మరిదీ, దారి తప్పావా? ఇక్కడ బండి సామాన్లు అమ్మరే."

"మిమ్మల్ని చూద్దామనే వచ్చాను వదినా."

"చూశావుగా" అంది. అని, గొలుసు తీసింది.

గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని నిండా పాత పేపర్లు. అంటే ఈ ఇంట్లోనూ ఒక్క కుర్చీయే నడుస్తోంది. కిటికీ పక్క బల్ల మీద నల్లటి పాత ఫోను, తీగ లేదు, దుమ్మూ లేదు. వదిన పేపర్లు తీసి కింద పెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. బాబాయి గ్లాసు ఖాళీ చేసి, ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీరు అప్పట్లో రావడం ఎందుకు మానేశారు వదినా?"

"నన్ను అడుగుతున్నావా?" ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. "నువ్వే కదా చోటు లేదన్నావు."

"నేనా!"

"నువ్వే. తోలు బిగించడం పూర్తయిన సీటు మంచంలో ఉన్న మా చెల్లి చూస్తుందని ఇంట్లోకి మోసుకొస్తున్నావు. నేను పక్కనే నడుస్తూ, బండి పూర్తయ్యాక ముగ్గురం కలిసి తిరిగొద్దాం మరిదీ అన్నాను. ఇది ఇద్దరికే వదినా, మూడో మనిషికి చోటు లేదు అన్నావు. మొహం కూడా చూడలేదు."

బాబాయికి లీలగా గుర్తొచ్చింది. అన్నాడు. బండి గురించి అన్నాడు. ఒరిజినల్‌గా దానికున్నవి రెండు సీట్లే కదా.

"సరే, బండి మాటే అనుకుందామని చూశాను. అందుకే మళ్లీ అడిగాను. అయితే రేపట్నుంచి రావద్దంటావా, అని. వినీ విననట్టు సీటు మోసుకుంటూ లోపలికి పోయావు. రమ్మని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"నేను వినలేదు వదినా. నిజంగా వినలేదు."

"పక్కన నిలబడి అడిగితే వినపడలేదా? ఊరందరి గుసగుసలూ విన్నదాన్ని నేను. వినపడకపోవడం వేరు, వినకపోవడం వేరు." గొంతు కాస్త తగ్గింది. "పోనీ నేను రాకపోతే అదైనా కబురు పెడుతుందనుకున్నాను. అక్క ఎందుకు రావట్లేదని అడుగుతుంది కదా అనుకున్నాను. అడగలేదు."

బాబాయి నోరు తెరిచాడు. అడిగింది వదినా, కబురు పెట్టింది, ఆ కబురు నా దగ్గరే ఉండిపోయింది. మాట గొంతు దాకా వచ్చి, అక్కడ ఇంజనులాగే తడబడి ఆగిపోయింది. ఏడాది నుంచి ఎవరికి చెప్పావు మరి అంటే ఏం చెప్పాలి?

"బండి గొంతు సరిగా లేదు" అన్నాడు చివరికి. అనేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. "మీ చెవి కావాలి వదినా. గొట్టం పెట్టి అది వినేది. ఇప్పుడు వినేవాళ్లు లేరు."

వదిన తిట్టబోతోందనే అనుకున్నాడు. ఆవిడ లేచి, తీగ లేని ఫోను మీద లేని దుమ్ము ఒకసారి తుడిచి, "ఆగు, చెప్పులు వేసుకుంటాను" అంది.

షెడ్డులోకి రాగానే బండిని చూడలేదు, క్లీనరు సీటు దగ్గరికి వెళ్లి వంగింది. తోలు అంచున కుట్టు ముగిసే చోట దారం వెనక్కి తిరిగి చిన్న పూసలా ముడిపడి ఉంది. దాన్ని వేలితో తడిమింది. "ఈ ముడి నేనే నేర్పాను. నాకంటే బాగా వేసేది" అంది. అని, చీర చెంగు నడుముకి దోపి, "ఏదీ, ఆ గొట్టం" అంది.

బాబాయి ఇంజను స్టార్టు చేశాడు. అది ఎప్పటిలాగే దగ్గి, గురకపెట్టి, తడబడసాగింది. వదిన గొట్టాన్ని చెవికి ఆనించుకుంది. అంతే, వీపు నిటారుగా అయింది, కళ్లు మూసుకుంది, మొహంలో ఏ భావమూ లేకుండా పోయింది. ఎక్స్చేంజిలో ఎలా కూర్చునేదో బాబాయికి ఇప్పుడు తెలిసింది. ముందుదాని దగ్గర విన్నది. వెనకదాని దగ్గర విన్నది. మళ్లీ ముందుకి వచ్చింది.

"ఇందులో అక్క ఏది?"

"ముందున్నది. అలిగింది, గొంతే రావట్లేదు."

"అలగడమా?" కళ్లు తెరిచింది. "ఊరంతా వినపడేలా అరుస్తుంటేనూ! చెల్లి గొంతే పాపం, వినపడట్లేదు."

"లేదు వదినా, సరిగా వినండి." బాబాయి గొట్టం తీసుకుని, ఎడమ చేత్తో ఎడమ చెవికి పెట్టుకున్నాడు. "ఇదిగో, ఎంత తక్కువగా ఉందో."

వదిన ఆయన చేతిలోంచి గొట్టం తీసి ఆయన కుడి చెవికి ఆనించింది. అక్క గొంతు పెద్దగాలిలాగా తలలోకి దూసుకొచ్చింది. బాబాయి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"ఇంజను ఆపు" అంది వదిన.

షెడ్డు నిశ్శబ్దమైంది. ఆవిడ ఆయన వెనక్కి వెళ్లి, గొట్టం ఒక కొన ఆయన ఎడమ చెవిలో పెట్టి, రెండో కొన తన నోటికి ఆనించుకుంది. బాబాయి ఎదురుచూశాడు. చెవి దగ్గర కొంచెం వెచ్చగా అనిపించింది, అంతకు మించి ఏమీ లేదు. డిపోలో గాలి కంప్రెసరు ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేది. ఆ చెవి ఎప్పుడు పోయిందో, కొంచెం కొంచెంగా పోవడం వల్ల, ఆయనకే తెలియలేదు.

"ఏమన్నా అన్నారా వదినా?"

గొట్టం కుడి చెవికి మారింది. గుసగుసే అయినా ఈసారి స్పష్టంగా, టెలిఫోనులోంచి వచ్చినట్టు వినపడింది.

"అయితే రేపట్నుంచి రావద్దంటావా, అన్నాను."

బాబాయి వెనక్కి తిరిగి, ఆవిడ చేతిలోని కొన ఆవిడ చెవికే పెట్టి, తన కొన నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా చూస్తూ చెప్పలేని మాట గొట్టంలోంచి చెప్పడం తేలికైంది.

"అక్క అలిగింది, వెళ్లి చూడండి, నేనడిగానని చెప్పండి అంది. ఆస్పత్రిలో. మాట్లాడిన ఆఖరి మాట అదే."

వదిన గొట్టాన్ని చెవికి గట్టిగా నొక్కుకుంది.

"లైను సరిగా లేదు" అంది. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావు మరిదీ?"

బాబాయి తల వంచుకుని, జేబులోని పానా తీసి దానితోనే ముందు కార్బురేటరుని చూపించాడు. "ఆ రాత్రే చెప్పాను. దానికి."

వదిన కార్బురేటరు కేసి చూసింది. ఆయన కేసి చూసింది. నవ్వు వచ్చింది ఆవిడకి, ఆపుకోలేని నవ్వు. స్టూలు మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి భుజాలు అదురుతూనే ఉన్నాయి గానీ అది నవ్వు కాదు. బాబాయి పక్కకి తిరిగి, అవసరం లేకపోయినా ఒక నట్టు బిగిస్తూ నిలబడ్డాడు.

తర్వాత పని మొదలుపెట్టారు. ఏడాదిగా బిగించిన స్క్రూనంతా బాబాయి వెనక్కి తిప్పాడు.

"ఇంకా. ఇంకా అరుస్తోంది. ఆఁ, ఆగు. ఇప్పుడు చెల్లి వైపు ఒక్క పిసరు. ఎక్కువైంది, వెనక్కి. మరిదీ, ఆ చేతికి కూడా చెవుడేనా? పిసరు అంటే పిసరే."

పొద్దు వాలేసరికి ఇంజను గొంతు కుదిరింది. దగ్గు లేదు, గురక లేదు. సన్నగా, లోతుగా, ఒకే ఊపిరిలా సాగింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎప్పుడు ఆగుతుందా అని చూసిన టైపు మాస్టారు, అది ఆగకపోయేసరికి ఏం చేయాలో తోచక అక్కడే నిలబడిపోయాడు.

"ఎక్కండి వదినా, అలా వెళ్లొద్దాం" అన్నాడు బాబాయి, క్లీనరు సీట్లోని గుడ్డపీలికలు తీసేస్తూ.

వదిన సీటు కేసి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇవాళ కాదు. రేపు మధ్యాహ్నం వస్తాను. అప్పట్లో వచ్చే బస్సుకే." గుమ్మం దాటి, వెనక్కి వచ్చి, ఆయన కుడి పక్కకి చేరి చెప్పింది, "ఆ చెవి డాక్టరుకి చూపించు. అది చెప్పేది నాతో, మా ఆయన నా మాటకి ఊఁ కొడతాడే గానీ వినడక్కా, అని. నేనే మగాళ్లంతా అంతేలే అన్నాను." బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.

బాబాయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది. ముదురాకుపచ్చ బానెట్ మీద దీపం వెలుగు కొంచెం కొంచెంగా వణుకుతోంది. పుట్టింది పుట్టినట్టు తయారైంది బండి, ఒక్క లోటు లేదు. అలవాటు కొద్దీ ఎదురు గోడకేసి చూశాడు. అలవాటు కొద్దీ తలాడించబోయి ఆగాడు.

క్లీనరు సైడంటే ఎడమ పక్క. ఎడమ చెవి పక్క.

ఎన్ని సాయంత్రాలు తన క్లీనరు ఆ సీట్లో కూర్చుని టీ తాగింది. ఇంట్లో గలగలలాడే మనిషి ఇక్కడ నోరు మెదపదని, బండంటే అంత గౌరవమని మురిసిపోయాడు తను. ఆవిడ గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగడం కంటి కొసన కనిపించేది. అటు తిరిగి చూసేవాడు కాదు, ఊఁ అన్నట్టు తలాడించేవాడు.

బాబాయి ఇంజను ఆపేశాడు. వేడెక్కిన రేకు చల్లారుతూ అక్కడక్కడా చిటుక్కుమంటోంది. స్టీరింగుకి మోకాలు అడ్డం పడుతున్నా, ఇరుకులో ఒళ్లంతా మెల్లగా తిప్పుకుని, ఎదురు గోడకి వీపు తిప్పి, కుడి చెవి ఆ సీటు వైపు వచ్చేలా కూర్చున్నాడు.